రాత్రి రెండింటికి మోటారు వేసేదెవరు?

'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అనగానే మనలో చాలామందికి మాట్లాడే స్పీకర్లూ, ఫోన్‌తో వెలిగే దీపాలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం నల్లగొండ జిల్లాలో మా పొలం దగ్గరి స్టార్టర్ డబ్బా గుర్తొస్తుంది.

2010 వేసవిలో మా ఊళ్ళో వ్యవసాయానికి త్రీ ఫేజ్ కరెంటు కొంత పగలు, కొంత రాత్రి వచ్చేది. న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకి నేను మీటింగులో ఉంటే అక్కడ రాత్రి రెండు. నాన్న టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడుస్తూ మోటారు వెయ్యడానికి వెళ్ళేవారు. పాములు, తెగిన వైర్లు, తడి చేతులు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మకి నిద్ర ఉండేది కాదు.

ఎక్కడ మొదలైంది?

వస్తువుల్ని నెట్‌వర్కుకి కలపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1982లో కార్నెగీ మెలన్ విద్యార్థులు కోక్ మెషీన్‌కి స్విచ్‌లు బిగించి, సీసాలు ఉన్నాయో లేదో, చల్లబడ్డాయో లేదో కంప్యూటర్‌లోనే చూసుకున్నారు. 1999లో కెవిన్ ఆష్టన్ దీనికి ఇప్పటి పేరు పెట్టారు. అదే ఏడాది ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చమురు పైపులైన్ల కోసం ఎంక్యూటీటీ అనే పద్ధతి తయారుచేశారు. ఉపగ్రహం ద్వారా పంపే ప్రతి అక్షరానికీ ఖర్చే కాబట్టి సందేశం వీలైనంత చిన్నదిగా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ పొదుపు వల్లే నేటి చిన్న చిన్న పరికరాలకీ అది పనికొస్తోంది.

మన దేశంలో పుణెకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' తయారుచేశారు. తాతగారు మోటారు కోసం పడ్డ తిప్పలే దానికి ప్రేరణ. స్టార్టర్‌కి మొబైల్ మోడెమ్ తగిలిస్తే రైతు ఇంటినుంచే ఫోన్ చేసి కరెంటు ఉందో లేదో తెలుసుకుని మోటారు వెయ్యొచ్చు, ఆపొచ్చు. 2009లో దానికి నోకియా పోటీలో బహుమతి వచ్చింది.

మా అనుభవం

మేమూ అలాంటి పరికరం ఒకటి పెట్టించాం. మొదటి నెలలోనే బోరులో నీళ్ళు అడుగంటాయి. మోటారు ఉత్తినే తిరిగి వైండింగ్ కాలిపోయింది. "ఫోన్‌కి మోటారు చప్పుడు తెలీదురా, నాకు తెలుసు" అన్నారు నాన్న. ఆ మాటే మాకు దారి చూపింది. ఊళ్ళో మెకానిక్, నాన్న కూర్చుని, నీళ్ళు లేకపోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత సిమ్ గడువు తీరింది, ఒకసారి ఎలుక వైరు కొరికింది. ప్రతిసారీ ఒక్కో పాఠం.

మీ ఇంట్లోవాళ్ళకి కొనేముందు ఇవి చూడండి: స్టార్టర్ దగ్గర సిగ్నల్ ఉందా? నమోదైన నంబర్లకే పలుకుతుందా? నీళ్ళు లేనప్పుడు, ఒక ఫేజు పోయినప్పుడు ఆగుతుందా? బాగుచేసేవాళ్ళు దగ్గర్లో ఉన్నారా?

ఇకముందు?

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడిస్తే భూగర్భజలం ఏం కావాలి? కాబట్టి రాబోయే పరికరం మోటారు వేస్తే చాలదు. మడి తడిసిందో లేదో, బోరులో ఎంత నీరుందో చూసి చెప్పాలి. అదీ మన తెలుగులో చెప్పాలి. ఆ పని మనలాంటి ఇంజనీర్లదే.

నాన్న ఇప్పుడు రాత్రిళ్ళు పొలానికి వెళ్ళడం లేదు. పొద్దున్నే మాత్రం వెళ్ళి, మోటారు చప్పుడు విని వస్తారు.