కార్డియోలిపిన్

ఆదోని, ఎమ్మిగనూరు వైపు గర్భిణులకు రాసే రక్తపరీక్షల చీటీల్లో ‘వీడీఆర్‌ఎల్’ అన్న మాట చాలామంది చూసే ఉంటారు. సిఫిలిస్‌ను పట్టే ఆ పరీక్షకు ముఖ్య సరుకు కార్డియోలిపిన్. గ్రీకులో ‘కార్డియా’ అంటే గుండె, ‘లిపోస్’ అంటే కొవ్వు. 1942లో మేరీ పాంగ్‌బోర్న్ పశువు గుండె నుంచి దీన్ని వేరుచేసి ఆ పేరు పెట్టారు.

పేరు గుండెదే గానీ, ఈ కొవ్వు పుట్టిల్లు బాక్టీరియా పొర. మన కణాల్లోని మైటోకాండ్రియా ఒకనాటి బాక్టీరియా సంతతి. గుండె కండరంలో అవి కిక్కిరిసి ఉంటాయి కనుకే అక్కడ ఇది అంతగా దొరికింది. ఒక్కో అణువుకు నాలుగు కొవ్వు తోకలు, రెండు ఫాస్ఫేట్లు. ఆ ఫాస్ఫేట్ల ఋణావేశమే కీలకం. మన చర్మం, తెల్లరక్తకణాలు తయారుచేసే ధనావేశపు పెప్టైడ్లు ఆ ఆవేశానికే ఆకర్షితమై బాక్టీరియా పొరకు చిల్లులు పొడుస్తాయి. మన కణాల బయటి వైపు కొవ్వుల్లో అలాంటి ఆవేశం దాదాపు ఉండదు. అందుకే మనం చాలావరకు బతికిపోతాం. బాక్టీరియా కూడా ఊరుకోదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ తన పొరలోని మరో ఋణావేశపు కొవ్వుకు ధనావేశపు లైసిన్ తగిలించి దాడిని తప్పించుకుంటుంది.

ఇలాంటి కొవ్వుల్లోని ఫాస్ఫరస్‌ను కొలవడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాడుతున్న ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.