తుంబురు దారిలో బంగారు బల్లి

మా ఇంట్లో ఫాల్గుణ పున్నమి అంటే తుంబురు తీర్థమే. ముందురోజు రాత్రే అవ్వ పులిహోర కలిపి అరిటాకుల్లో మూటలు కట్టేది. తిరుమల కొండ మీద పాపవినాశనం దాటి అడవిలో అడుగుపెట్టేసరికి ఎండ ఇంకా చెట్ల మీదికి ఎక్కి ఉండేది కాదు. జనమంతా గోవింద కొట్టుకుంటూ ముందుకు పోతుంటే తొమ్మిదేళ్ల నేను రాళ్ల సందులు చూసుకుంటూ వెనకబడేవాణ్ణి. అవ్వ తిట్టేది కాదు. "చెయ్యి పెట్టే ముందు చూడు నాయనా, కాలు పెట్టే ముందూ చూడు" అనేది, అంతే.

తిరుమల కొండల్లో తీర్థాలకు వెళ్లే ముక్కోటి నడకలు వరసగా వస్తాయి. పుష్యంలో రామకృష్ణ తీర్థం, మాఘ పున్నమికి కుమారధార, ఫాల్గుణ పున్నమికి తుంబురు. నీటి ప్రాణులను చూడ్డానికి కూడా ఈ నడకలే అదను. చలిదేశాల్లో మంచు కరిగి గుంటలు నిండగానే కప్పలు బయటికొస్తాయి, వాటిని చూడ్డానికి అక్కడివాళ్లు వసంతం మొదట్లోనే అడవి దారి పడతారు. మనకు లెక్క తిరగబడుతుంది. మన వానలు కార్తీకంతో దాదాపు అయిపోతాయి. ఫాల్గుణానికి వాగులు సన్నబడి మడుగులుగా తెగిపోతాయి. నీళ్లు కావలసిన ప్రాణులన్నీ ఆ మిగిలిన మడుగుల దగ్గరికే చేరతాయి. చదునైన పెంకు విసిరితే ఎలా పోతుందో అలా నీటి మీద ఎగిరెగిరి పోయే కప్పలు, వాటి కోసం కాచుకున్న నీళ్లపాము, పైన కొమ్మలో ఆకుతీగలా పసరిక పాము. అవన్నీ నేను ఆ నడకల్లోనే మొదటిసారి చూశాను.

తుంబురు దగ్గర కొండ రెండుగా చీలినట్టుంటుంది. రెండు గోడల మధ్య చల్లటి నీడ, మోకాలి లోతు నీళ్లు. ఆ గోడకు, పైకి పొడుచుకొచ్చిన బండ కింద, తెల్లటి గుడ్లు అతుక్కుని ఉండడం అవ్వే చూపించింది. జంటలు జంటలుగా, ఒకదాని పక్కన ఒకటి. పిల్లలు బయటికొచ్చేసిన గుడ్లు రాలిపోయిన చోట సున్నం చుట్టినట్టు గుండ్రటి మచ్చలు. కాస్త పైన, పసుపు ముద్దలో ముంచి తీసినట్టు ఒక బల్లి. వేళ్ల చివర చిన్న చిన్న రేకులు విప్పుకుని రాతిని పట్టుకుని ఉంది.

"కంచి బల్లికి ఇదేరా పుట్టినిల్లు" అంది అవ్వ. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకితే మీద బల్లి పడిన దోషం పోతుందని మా వైపు నమ్మకం. అవ్వ మాట నిజమా అని ఎప్పుడూ అడగలేదు. ఆ బల్లిని చూశాక అడగాలనిపించలేదు.

శాస్త్రం లెక్కలోకి ఆ బల్లి 1870లో ఎక్కింది. అప్పటికి తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మద్రాసు అటవీ శాఖను నడిపిన రిచర్డ్ హెన్రీ బెడ్డోం తిరుపతి కొండల బల్లి అని దాన్ని వర్ణించి ఆరియస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో బంగారు రంగుదని అర్థం. ఇప్పుడు దాని ప్రజాతి పేరు కెలోడాక్టిలోడెస్. అందులో 'అందమైన వేళ్లు' అన్న గ్రీకు మాటలున్నాయి. ఆ వేళ్లను దగ్గరగా చూసినవాడే పెట్టగల పేరది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పుస్తకాల్లో పేరే మిగిలింది. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన జె.సి. డేనియల్, ఆయన సహచరులు మన తూర్పు కనుమల్లో అది మళ్లీ దొరికిందని ప్రకటించారు. బెడ్డోం రాసిన నూటపదహారేళ్లకు! అన్నేళ్లూ ముక్కోటికి పోయే జనం దాని కిందనుంచే నడిచారని నాకు గట్టి నమ్మకం.

జనానికి తెలిసినది శాస్త్రానికి ఎక్కడం గురించి అనుకున్నప్పుడు నాకు పాములను పరిశోధించిన ప్యాట్రిక్ రస్సెల్ గుర్తొస్తాడు. విశాఖపట్నంలో ఉండి, పాముల గురించి తెలుగువాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన పేర్లనే 1796లో అచ్చైన పుస్తకంలో రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీల కట్లపాముకు అతను రాసుకున్న 'బంగారు పాము' అన్న మాట నుంచే ఫ్రెంచి శాస్త్రవేత్త దొదాఁ 1803లో బంగారస్ అన్న ప్రజాతి పేరు తీశాడు. ఇవాళ చైనాలో కట్లపాము దొరికినా దాని పేరు ముందు మన తెలుగు మాటే ఉంటుంది. మా కొండ బల్లికి ఆ భాగ్యం కలగలేదని నాకు చాలా రోజులు బాధగా ఉండేది.

మొన్న ముక్కోటికి మళ్లీ వెళ్లాను. అదే గోడ, అదే బండ. పాత మచ్చల పక్కన కొత్త గుడ్లు, పదకొండు లెక్కపెట్టాను. వాటికి జానెడు కింద ఒకావిడ కర్పూరం వెలిగించబోతోంది. "అమ్మా, పైన బిడ్డలున్నాయి, పొగ తగులుతుంది" అన్నాను. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత కర్పూరం బిళ్లను అరచేతిలోకి తీసుకుని, నీళ్ల అవతలి ఒడ్డున రాతి మీద పెట్టి వెలిగించింది.