చూసిన సాక్షి లేకున్నా హత్య రుజువు

హత్యను కళ్లారా చూసినవారు లేని కేసుల్లో ప్రాసిక్యూషన్ పరిస్థితుల సాక్ష్యంతోనే నేరాన్ని రుజువు చేయవలసి ఉంటుంది. చూసినవారు లేరు గనుక కేసు నిలవదని కొందరు, ఊరంతా ఒక్కరినే అనుమానిస్తోంది గనుక శిక్ష తప్పదని మరికొందరు భావిస్తుంటారు. రెండూ అపోహలే.

పిఠాపురంతో ముడిపడిన ఒక కేసు నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశంగా ఉంది. 1937 మార్చి 23న పూరీ రైల్వేస్టేషన్‌లో, రైలు మూడో తరగతి పెట్టెలో ఒక ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఏడు ముక్కలుగా నరికిన మృతదేహం ఉంది. మృతుడు పిఠాపురం దివాను కొలువులో బంట్రోతుగా పనిచేసిన వ్యక్తి. నిందితుడు పాకాల నారాయణస్వామి ఆ దివానుకు అల్లుడు, బరంపురంలో నివాసం. ఆయన భార్య 1936లో ఈ బంట్రోతు వద్ద 18 శాతం వడ్డీకి మొత్తం 3,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. బంట్రోతు వద్ద దివాను కుమార్తె అప్పు చేయడం విచిత్రమే అయినా, అందుకు సంబంధించిన ఉత్తరాలు మృతుని ఇంటనే దొరికాయి.

బాకీ సొమ్ము కోసం బరంపురం రమ్మని ఉత్తరం వచ్చిందని, అక్కడికే వెళుతున్నానని మృతుడు బయలుదేరే ముందు భార్యతో చెప్పాడు. మార్చి 22న నిందితుని కోసం ట్రంకుపెట్టె కొన్న చాకలి, దానిని స్టేషన్‌కు చేర్చిన జట్కావాడు సాక్షులుగా నిలిచారు. నరికినప్పుడు చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

1939లో ప్రివీ కౌన్సిల్, నిందితుడు పోలీసులకిచ్చిన వాంగ్మూలం చెల్లదని తోసిపుచ్చింది. మృతుడు భార్యతో పలికిన మాట మాత్రం చెల్లుతుందని పేర్కొంది. మరణానికి దారితీసిన పరిస్థితులను తెలిపే అట్టి మాటలు నేటి భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ కింద సాక్ష్యమే. వాంగ్మూలాన్ని మినహాయించినా మిగిలిన ఆధారాలు చాలునంటూ ఉరిశిక్షను సమర్థించింది.

దీనికి భిన్నమైనది పుణె కేసు. 1982 జూన్‌లో ఒక నవవధువు సైనైడ్ వల్ల మరణించగా, భర్తకు కింది కోర్టు, హైకోర్టు మరణశిక్ష విధించాయి. ఆత్మహత్య అయి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని 1984లో సుప్రీంకోర్టు ఆయనను విడుదల చేసింది. శరద్ బిర్దీచంద్ శారద కేసుగా పేరొందిన ఈ తీర్పులోని అయిదు సూత్రాలనే నేటికీ సెషన్స్ కోర్టులు పాటిస్తున్నాయి. ప్రతి పరిస్థితి పూర్తిగా రుజువు కావాలి. 'అయి ఉండవచ్చు' సరిపోదు, 'అయి తీరాలి'. రుజువైనవన్నీ నిందితుని నేరాన్నే చూపాలి, నిర్ణయాత్మకంగా ఉండాలి, మరే ఊహకూ తావివ్వరాదు. గొలుసు ఎక్కడా తెగకూడదు. నిందితుడు అబద్ధమాడితే అది ఆ గొలుసుకు అదనపు లంకె మాత్రమే, తెగిన చోటును అతకదు.

'చివరిసారిగా కలిసి కనిపించారు' అన్న సాక్ష్యానికీ ఇదే పరీక్ష. కలిసి కనిపించిన సమయానికి, మరణానికి మధ్య ఎడం పెరిగిన కొద్దీ దాని బలం తగ్గుతుంది. కేవలం దానితోనే శిక్ష విధించడం అరుదు. నాలుగు గోడల మధ్య జరిగిన మరణంలో, తనకే తెలిసిన సంగతిని వివరించవలసిన బాధ్యత 109వ సెక్షన్ కింద నిందితునిపై పడుతుంది. అయితే ప్రాథమికాంశాలను ప్రాసిక్యూషన్ ముందుగా రుజువు చేసినప్పుడే.

ఎక్కువగా తెగే లంకె ఆయుధ స్వాధీనం. నిందితుడు చూపిన చోట కత్తి దొరికినా, మధ్యవర్తుల నివేదికపై సంతకం చేసినవారు కోర్టులో తమకేమీ తెలియదంటే ఆ సాక్ష్యం బలహీనపడుతుంది. చదవకుండా సంతకం చేసే అలవాటు మన పల్లెల్లో నేటికీ ఉంది. అప్పుడు స్వాధీనాన్ని నిలబెట్టే భారమంతా దర్యాప్తు అధికారి వాంగ్మూలంపైనే పడుతుంది.