ఇంటి షెడ్డులో బలపడిన ఇంజను: ఆస్టిన్ సెవెన్ కథ

మోటారు కారు ఇంజను అనగానే పెద్ద కర్మాగారములు మనకు స్ఫురించును. కాని పాతకారు ఇంజనును ఇంటివద్దనే విప్పి, దాని శక్తిని పెంచుట అనేక దేశములలో చిరకాలముగా సాగుచున్న వ్యాసంగము. ఇందులో ధనముకంటె భౌతికశాస్త్ర జ్ఞానమే ఎక్కువగా ఉపకరించిన సందర్భములు కలవు. ఇంగ్లండులోని ఆస్టిన్ సెవెన్ అను చిన్నకారు చరిత్ర అట్టిది.

ఈ కారు పుట్టుకయే ఒక ఇంటిలో జరిగెను. మొదటి ప్రపంచయుద్ధము తరువాత హెర్బర్ట్ ఆస్టిన్ సంస్థ ఆర్థికముగా చితికిపోయెను. చవకయైన చిన్నకారును చేయుదమని ఆయన అనగా తోటి డైరెక్టర్లు సమ్మతింపలేదు. అప్పుడాయన నమూనాలు గీయుటలో నేర్పరియైన స్టాన్లీ ఎడ్జ్ అను 18 ఏండ్ల యువకుని తన యింటికి పిలిపించుకొని, బిలియర్డ్సు ఆడుకొను గదిలో ఆ కారుకు రూపకల్పన చేయించెను. 1922లో కారు వెలువడెను. త్వరలోనే దాని ఇంజను పరిమాణము 747 ఘన సెంటీమీటర్లుగా స్థిరపడెను. సిలిండర్లు నాలుగు, నిమిషమునకు 2400 భ్రమణముల వద్ద శక్తి సుమారు 10 అశ్వశక్తులు.

1939 వరకు ఇట్టి కార్లు సుమారు 2,90,000 తయారైనవి. అందుచేత రెండవ ప్రపంచయుద్ధానంతరము పాతవి చవకగా దొరకుచుండెను. ఔత్సాహికులు వానిని కొని, ఇంటి షెడ్డులో మార్పులు చేసి, పందెములకు తీసుకొనిపోవుచుండిరి. 1939లో స్థాపితమైన 750 మోటార్ క్లబ్బు వారికి వేదిక అయ్యెను.

ఒక ఇంజను శక్తిని పెంచుటకు మార్గములు ముఖ్యముగా మూడు. మండిన ఇంధనపు వేడిలో ఎక్కువభాగమును పనిగా మార్చుట మొదటిది. ప్రతి సిలిండరులోనికి ఎక్కువ మిశ్రమమును పంపుట రెండవది. ఇంజనును వేగముగా త్రిప్పుట మూడవది.

మొదటి మార్గమును విద్యార్థులే లెక్కవేయవచ్చును. ఆస్టిన్ సెవెన్‌లో పిస్టను ఒక్కొక్క సిలిండరునందు కదలు స్థలము 187 ఘ.సెం.మీ. పిస్టను పైకి వచ్చినపుడు మిగులు ఖాళీ 47 ఘ.సెం.మీ. అనుకొందము. అప్పుడు మొత్తము 234. దానిని 47చే భాగించిన సంపీడన నిష్పత్తి సుమారు 5. సిలిండరు మూతను కొంత చెక్కించి ఖాళీని 34కు తగ్గించినచో నిష్పత్తి 6.5 అగును. ఆటో చక్రపు సూత్రము ప్రకారము ఆదర్శ సామర్థ్యము నూటికి 47 నుండి దాదాపు 53కు పెరుగును. నిజమైన ఇంజనులో వేడి, ఘర్షణ నష్టముల వలన సామర్థ్యము ఇంతకంటె చాల తక్కువే. అయినను పెరుగుదల మాత్రము తప్పక కనిపించును. అట్లని మూతను ఎంతైనను చెక్కరాదు. సంపీడనము మితిమీరినచో మిశ్రమములో కొంతభాగము జ్వాల చేరకముందే భగ్గుమని మండి పిస్టనును దెబ్బతీయును.

రెండవ మార్గములోనే ఈ కథకు ప్రాణమున్నది. ఆస్టిన్ సెవెన్‌లో నాలుగు సిలిండర్లకు లోనికి వచ్చు ద్వారములు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి. 3, 4 సిలిండర్లకు మరొకటి. మండు వరుస 1, 3, 4, 2. కనుక 2వ సిలిండరు పీల్చుట పూర్తికాకమునుపే 1వ సిలిండరు పీల్చనారంభించును. ఒకే గొట్టమునుండి రెండిండ్లకు కుళాయిలున్నపుడు, ఒకరు బిందె నింపుకొనుచుండగా రెండవవారు కుళాయి త్రిప్పినచో మొదటివారి ధార సన్నగిల్లుట మన మెరిగినదే. ఇక్కడ జరుగునదియు అదే. 3, 4 సిలిండర్ల మధ్యను ఇదే తగవు.

కాలిన్ చాప్‌మన్ అను యువకుడు లండనులో ఇంజనీరింగు చదివినవాడు. 1948లో, తన స్నేహితురాలి తల్లిదండ్రుల ఇంటివద్దనున్న చిన్న షెడ్డులో, ఒక పాత ఆస్టిన్ సెవెన్‌తో తన మొదటి కారును నిర్మించెను. తరువాత అలెన్ సోదరుల తోడ్పాటుతో 1951లో లోటస్ మార్క్ 3 అను పందెపు కారును తయారుచేసెను. దానిలో అతడు ప్రతి జంటద్వారము లోపలికి ఒక అడ్డుగోడ వచ్చునట్లు గొట్టములను అమర్చెను. నాలుగు సిలిండర్లకు నాలుగు వేరు దారులు ఏర్పడెను. ఇంజను పరిమాణము పెరుగలేదు. విలువైన యంత్రభాగము లేవియు చేరలేదు. అయినను ఆ కారు పందెములలో తక్కిన కార్లను ఎంతగా వెనుకవేసినదనగా, మరి యెవ్వరు అట్లు చేయకుండ క్లబ్బు తన నియమములనే సవరించెను! చాప్‌మన్ 1952లో స్థాపించిన లోటస్ సంస్థ 1963లో ప్రపంచ ఫార్ములా వన్ పందెములలో నిర్మాతల విజేతగా నిలిచెను.

మూడవ మార్గము ప్రమాదకరమైనది. తొలి ఆస్టిన్ సెవెన్ క్రాంకు షాఫ్టును పట్టియుంచు బేరింగులు రెండే. నడుమ ఆధారము లేదు. పిస్టన్ల కదలికచే కలుగు జడత్వబలము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. 2400 భ్రమణములను 4800 చేసినచో బలము రెట్టింపు కాదు, నాలుగింతలగును. సన్నని షాఫ్టు విల్లువలె వంగుచు వంగుచు చివరకు విరిగిపోవచ్చును. ఈ లోపమును తగ్గించుటకే 1936లో కర్మాగారము మధ్య బేరింగును చేర్చెను. బ్రేకుల సంగతియు మరువరాదు. తొలి కార్లలో ముందుచక్రములకు చేతిమీట, వెనుకచక్రములకు కాలిమీట వేర్వేరుగా పనిచేయుచుండెను. ఆ రెంటిని కలిపినది 1930లో. పది అశ్వశక్తులకే అంతంతమాత్రమైన బ్రేకులు ఇరువదింటికి ఎట్లు చాలును?

అందుచే ఇంటివద్ద పాత ఇంజనును మెరుగుపరచ గోరువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న “ఏ భాగము కొనవలె?” అన్నది కాదు. “ఈ ఇంజనుకు అడ్డుతగులుచున్న దేది? దానిని తొలగించినచో ఆ భారమును తరువాత మోయవలసిన భాగమేది?” అన్న ప్రశ్న. చాప్‌మన్‌ను గెలిపించినది మొదటి ప్రశ్న. రెండవదానిని మరచినవారి షెడ్డులలో మిగిలినవి విరిగిన షాఫ్టులు.