వ్యాయామంలో ఖర్చయ్యే కొవ్వు, ఒంట్లో తగ్గే కొవ్వు

చాలా ట్రెడ్‌మిల్‌ల మీద ‘ఫ్యాట్ బర్న్’ అనే మీట ఉంటుంది. అది నొక్కితే సాధారణంగా వేగం మితంగా ఉంటుంది. నెమ్మదిగా నడిస్తేనే కొవ్వు కరుగుతుందన్న నమ్మకం దాని వెనక ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. స్థూలకాయుల విషయంలో అది ఎంతవరకు చెల్లుతుందన్నదే చూడాలి.

ప్రయోగశాలలో ముఖానికి మాస్క్ తగిలించి, ఒంటికి పట్టిన ఆక్సిజన్‌ను, బయటికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు. నిమిషానికి లీటరు ఆక్సిజన్ ఖర్చయి 0.85 లీటరు కార్బన్ డయాక్సైడ్ వెలువడితే, 1983 నాటి ఫ్రేన్ సమీకరణం ప్రకారం నిమిషానికి దాదాపు పావు గ్రాము కొవ్వు ఖర్చయినట్టు లెక్క. అంటే అరగంటకు ఏడున్నర గ్రాములు. వేగం పెంచేకొద్దీ కండరాలు పిండిపదార్థం వైపు మొగ్గుతాయి. కొవ్వు వాటా పడిపోతుంది.

నెదర్లాండ్స్‌లో 24 మంది స్థూలకాయ పురుషుల మీద జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యంలో 40 శాతం తీవ్రతతో 12 వారాలు సాధన చేసినవారికి వ్యాయామ సమయంలో కొవ్వు వాడకం పెరిగింది. 70 శాతంతో చేసినవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. విశ్రాంతి వేళ మాత్రం రెండు జట్లలోనూ తేడా లేదు. జట్లు చిన్నవి, పైగా అందరూ మగవారే.

నడుము చుట్టుకొలత మాటేమిటి? కెనడాలో పరిశోధకుడు రాబర్ట్ రాస్ బృందం 300 మందితో 24 వారాలు చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఒకే మోతాదు కేలరీలు ఖర్చు చేయించినప్పుడు, 50 శాతం తీవ్రతవారికీ 75 శాతం తీవ్రతవారికీ నడుము దాదాపు ఒకేలా, నాలుగున్నర సెంటీమీటర్ల మేర తగ్గింది. గ్లూకోజ్ తాగిన రెండు గంటల తర్వాత రక్తంలో ఉండే చక్కెర మాత్రం తీవ్రంగా చేసినవారిలోనే మెరుగైంది. అయితే చివరిదాకా నిలిచినవారు 217 మందే.

ఈ రెండు అధ్యయనాల ఫలితాలకూ పొత్తు కుదరకపోవడానికి ఒక కారణం చెప్పవచ్చు. వ్యాయామంలో కొవ్వు తక్కువ వాడిన శరీరం మిగతా రోజులో ఎక్కువ వాడుకోగలదు. అందుకే ఆ అరగంట లెక్క కన్నా, తిన్నదానికీ ఖర్చు చేసినదానికీ రోజు మొత్తం మీద మిగిలే తేడాయే ముఖ్యం.

కాబట్టి నడుము తగ్గడానికి నెమ్మది నడకే మేలని గానీ, పరుగే మేలని గానీ ఈ ఆధారాలతో తేల్చలేం. మోకాళ్లు నొప్పి పెట్టేవారు నిశ్చింతగా నడకనే ఎంచుకోవచ్చు. చక్కెర అదుపు కోసం వేగం పెంచాలనుకునేవారు, ముఖ్యంగా గుండె జబ్బో మధుమేహమో ఉంటే, ముందు డాక్టరును అడిగి మెల్లమెల్లగా పెంచుకోవాలి.