వేలిముద్రయు పాఠశాలయు

తూర్పు ఆఫ్రికాలో హిమము కప్పిన శిఖరములుగల పర్వత మొకటి కలదు. మనము దానిని కెన్యా యందుము. ఆ సీమవారు కిరిన్యాగా యందురు. దానిని దైవనివాసముగా నెంచి, దాపున కొండనేలలను సాగుచేసికొని బ్రదుకు కృషీవలులే గికూయులు. వారి చరిత్రమున మనము విచారింపదగిన యంశ మొకటి యున్నది.

1895లో ఆంగ్లేయులు ఆ దేశమును తమ రక్షితరాజ్యముగా ప్రకటించిరి. 1898లో స్కాట్లండు మిషనరీలు గికూయుల నడుమ మఠమును నెలకొల్పిరి. వైద్యశాల వచ్చెను, బడి వచ్చెను, గికూయు భాష లిపికెక్కెను. ఇది యుపకారము కాదనుట ధర్మము గాదు. అయితే దానితోడనే దొరతనమును వచ్చెను. 1915 నాటి భూశాసనము తెల్లవారికి 999 ఏండ్ల కౌలు నొసగెను. గుడిసెకు పన్ను పడెను. 1920 నాటికి గికూయు పురుషుడు తన వేలిముద్రలుగల 'కిపాండె' యను పత్రమును లోహపు డబ్బిలో నుంచి మెడకు తగిలించుకొనవలసి వచ్చెను.

బాలికలకు అంగచ్ఛేదము చేయు ఆచారము వారిలో నుండెను. అది దేహమునకు హానికరము. మిషనరీలు వలదనుట న్యాయమే. కాని 1929లో వారు, ఆచారమును విడిచితిమని వ్రాలో వేలిముద్రయో వేయుడని నిర్బంధించిరి. వేయని యుపాధ్యాయునకు కొలువు లేదు. వాని బిడ్డలకు బడి లేదు. ఈ ముద్రయు మెడలోని ముద్రయు ఒక్కటే యని జనులకు తోచుట వింత గాదు. హితోపదేశము కాస్త ఆజ్ఞ యయ్యెను. ఆచారము స్వాతంత్ర్యమునకు గుర్తయ్యెను. ఈ కలహమున బాలికల బాధ మఱుగుపడెను.

పెక్కుమంది మిషను బడులను విడిచిరి. చదువును మాత్రము విడువలేదు. చందాలు కూర్చి తమ బడులను, తమ ప్రార్థనాలయములను తామే కట్టుకొనిరి. 1939లో గితుంగురియందు ఉపాధ్యాయ కళాశాలను సైతము స్థాపించిరి. 1952లో తిరుగుబాటు కాలమున ప్రభుత్వము ఆ బడులను మూయించెను. 1963 డిసెంబరు 12న కెన్యా స్వతంత్రమయ్యెను.

ఆ యాచారమును కెన్యా శాసనసభయే 2011లో సంపూర్ణముగా నిషేధించెను. అందులకై పాటుపడినవారిలో ఆ దేశపు స్త్రీలే పెక్కురు.

నేను బడిపంతులను. బెత్తముతో చెప్పిన పాఠము బెత్తము దించగనే పోవునని చాల యాలస్యముగా నెఱిగితిని. గ్రామమున నొక దురాచారమును మాన్పదలచునపుడు మనము రెండు ప్రశ్నలు వేసికొనవలయును. చెప్పు మాట మంచిదేనా? అది వినువాని మెడపై మన చేయి యున్నదా?