బేరింగే చక్రం

స్కేట్‌బోర్డు చక్రం విప్పి చూస్తే లోపల రూపాయి బిళ్లంత బేరింగు ఉంటుంది. నంబరు 608, అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు. ఈ సంగతి తెలిసినరోజు నాకు పల్నాడులోని ముప్పాళ్ళ ఊళ్లో వేసవి సెలవులు కళ్లకు కట్టాయి. స్కేట్‌బోర్డు వాళ్లు చక్రంలో దాచిన బేరింగు, మాకు చక్రమే!

బేరింగు బండి ఎరగనివాళ్ల కోసం చెప్తాను. కూర్చోడానికో చెక్క, దాని కింద వెనక అడ్డకర్ర. ఆ కర్ర కొసలు చెక్కి చెరో బేరింగు దిగ్గొట్టాలి. ముందు ఒకటే బేరింగు, అటూ ఇటూ తిరిగేలా బోల్టు మీద. తాడు ఎటు లాగితే బండి అటు. లారీ షెడ్డులో అరిగినవి బతిమాలి తెచ్చి, కిరసనాయిల్లో కడిగేవాళ్లం. సిమెంటు రోడ్డెక్కితే ఆ గరగరకి అరుగుల మీద ముసలాళ్లు "ఆపండ్రా" అని కేకలేసేవారు.

అంతకుముందు ముంజెలు తినేసిన తాటికాయల బండి ఉండేది. ఇంకా వెనక్కి వెళ్తే శూద్రకుడి మృచ్ఛకటికంలో చారుదత్తుడి కొడుకు మట్టిబండి వద్దు, బంగారు బండి కావాలని ఏడుస్తాడు.

1950లలో కాలిఫోర్నియా పిల్లలూ మాలాంటివాళ్లే. అలల మీద పలకలెక్కి ఆడేవాళ్లు, అలలు లేనిరోజు రోలర్ స్కేట్ల చక్రాలు ఊడదీసి చెక్కకి కొట్టుకున్నారు. అలా పుట్టిందే స్కేట్‌బోర్డు. ఆ ఇనప చక్రాలకూ మన బండి మోతే. తర్వాత వచ్చిన మట్టి చక్రాలు చిన్న గులకరాయి తగిలినా ఆగిపోయి మనిషిని ఎగరేసేవి. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ యురేథేన్ అనే ప్లాస్టిక్ చక్రాలు తెచ్చాక బోర్డు రోడ్డుని పట్టుకుని నడిచింది, మోత తగ్గింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి 1976, 77. ఆ రెండేళ్లూ కాలిఫోర్నియాలో కరువు. ఇళ్ల వెనక ఈతకొలనులు ఎండిపోయాయి. నున్నటి వంపు గోడలు చూసి కుర్రాళ్లకు ప్రాణం లేచొచ్చింది. గోడలు దూకి, అడుగున మిగిలిన మురికినీళ్లు బక్కెట్లతో తోడిపోసి, పోలీసులు వచ్చేలోపు ఆడేవాళ్లు. అలల మీద నేర్చిన ఒంపులన్నీ సిమెంటు మీద దించారు. నీళ్లు లేని ఏడు పల్నాడు రైతుబిడ్డకు ఎలా ఉంటుందో తెలుసు గనక, కరువులోంచి ఒక ఆట పుట్టిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాతదంతా వేగంగా జరిగిపోయింది. అలన్ గెల్‌ఫాండ్ అనే కుర్రాడు వంపు గోడ మీద చేత్తో పట్టకుండా బోర్డుతో గాల్లోకి లేచాడు. 1982లో రాడ్నీ ముల్లెన్ అదే పని చదునునేల మీద చేశాడు. ఇక మెట్లూ బల్లలూ ఆటస్థలాలే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పదమూడేళ్ల జపాన్ అమ్మాయి మొమిజి నిషియా స్కేట్‌బోర్డులో స్వర్ణం గెలిచింది. మనవైపు చక్రాల కాళ్లతో పతకం తెచ్చింది హైదరాబాదు అనూప్ కుమార్ యామ. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు.

పతకాలు రావాలి, సంతోషమే. కానీ పిల్లాడు తన బండి తాను చేసుకోవడం పోయింది. కొన్న బోర్డు విరిగితే ఇంకోటి కొంటారు. మా బండి విరిగితే ఎక్కడ విరిగిందో మాకు తెలిసేది. అరిగిన బేరింగులు ఇప్పటికీ షెడ్డుల్లోంచి పాత ఇనుము కింద తూకానికి పోతూనే ఉన్నాయి. ఈ వేసవికి ఓ మూడు అడిగి తెచ్చి పిల్లల చేతిలో పెట్టండి.